ఆనాటి తీర్పుకు ఈనాటి దిద్దుబాటు

(ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ముతవల్లీలు, మసీదు కమిటీల సభ్యులు, యువ న్యాయవాదుల ఎదుట నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం వినడానికి పొడిగా ఉంటుంది. కోర్టు ఉత్తర్వుల్లో దొర్లిన రాతపొరపాట్లను ఆ తరువాత దిద్దే ఉత్తర్వుల గురించి, ఆ దిద్దుబాటు వెనుకటి తేదీ నుంచి ఎలా అమలవుతుందన్న దాని గురించి మాట్లాడమన్నారు. దీనికి న్యాయశాస్త్రంలో ‘నంక్ ప్రో టంక్’ అనే లాటిన్ పేరు ఉంది. అప్పుడు జరగవలసిన దానిని ఇప్పుడు చేయడం అని దాని భావం. పేరు పరాయిదే గాని విషయం మనదే. మన రెండు జిల్లాల్లో ఒక అంకె తప్పి పొలం, ఒక అక్షరం తప్పి ఫించను, ఒక ఇంటిపేరు తప్పి రిజర్వేషను చేజారుతున్నాయి. కనుక ఈ పొడి విషయాన్ని శ్రద్ధగా ఆలకించవలసిందిగా మనవి.

సూత్రం ఏమిటి?

తీర్పు చెప్పి సంతకం చేసిన తరువాత న్యాయమూర్తికి ఆ తీర్పును మార్చే అధికారం ఉండదు. ఇది మూల నియమం. లేకపోతే ఏ తీర్పుకూ స్థిరత్వం ఉండదు. అయితే తీర్పును రాసేది, నకలు తీసేది, డిక్రీగా కూర్చేది మనుషులే. వారి చేయి జారుతుంది. అందుకే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ ఒక ద్వారం తెరిచి ఉంచింది. తీర్పులో గాని, డిక్రీలో గాని, ఉత్తర్వులో గాని లేఖన దోషం, లెక్క దోషం, లేదా అనుకోకుండా జారిన మాట, విడిచిన మాట ఉంటే కోర్టు తనంతట తానుగా గాని, కక్షిదారు అర్జీ మీద గాని దానిని ఎప్పుడైనా సవరించవచ్చును.

ఇందులో ‘ఎప్పుడైనా’ అన్న మాట చాలా విలువైనది. తీర్పును పునస్సమీక్షించమని కోరడానికి 30 రోజులే గడువు. అప్పీలుకూ గడువుంది. లేఖన దోషాన్ని దిద్దమని అడగడానికి మాత్రం చట్టం గడువు విధించలేదు. ఇరవై ఏళ్ల తరువాత కూడా అడగవచ్చును.

దీని వెనుక ఉన్న న్యాయసూత్రం పురాతనమైనది: న్యాయస్థానం చేసిన పని వల్ల ఎవరికీ నష్టం కలుగరాదు. కోర్టు గుమాస్తా కలం జారితే దాని ఫలితం కక్షిదారు అనుభవించడం న్యాయం కాదు. కనుక దిద్దిన డిక్రీ కొత్త డిక్రీ కాదు. అది మొదటి రోజు నుంచీ సరిగ్గానే రాసి ఉన్నట్లు భావించబడుతుంది. డిక్రీ మీద తీర్పు చెప్పిన నాటి తేదీయే ఉండాలని కోడ్‌లోని 20వ ఆర్డరు చెబుతున్నది. డిక్రీ తీర్పుకు అనుగుణంగా ఉండాలని కూడా అదే ఆర్డరు చెబుతున్నది. తీర్పులో ఒకటి, డిక్రీలో మరొకటి ఉన్నదంటే అక్కడ దిద్దుబాటుకు దారి ఉన్నట్లే.

ఇదే ఆలోచన కోడ్‌లోని 22వ ఆర్డరు 6వ నిబంధనలోనూ కనిపిస్తుంది. వాదనలు ముగిసి, తీర్పు రావలసిన దశలో కక్షిదారు మరణిస్తే ఆ దావా రద్దు కాదు. తరువాత వెలువడిన తీర్పు ఆయన బ్రతికి ఉన్నప్పుడే చెప్పినంత బలం కలిగి ఉంటుంది. కోర్టు జాప్యం చనిపోయిన వానికి గాని, వాని వారసులకు గాని శిక్ష కాకూడదన్నదే దాని ఉద్దేశం.

మన దగ్గరే ఇన్ని తప్పులెందుకు?

పొరపాట్లు ఎక్కడైనా జరుగుతాయి. కాని దక్షిణ తెలంగాణలో ముస్లింల కాగితాల్లో అవి ఇంతగా పేరుకుపోవడానికి చారిత్రక కారణాలున్నాయి. నిజాం రాజ్యంలో రెవెన్యూ, న్యాయ వ్యవహారాలు ఉర్దూలో నడిచాయి. సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, ఇనాం ముంతఖబ్, అన్నీ ఆ లిపిలోనే ఉన్నాయి. ఆ తరువాత వచ్చిన 1954-55 నాటి ఖాస్రా పహాణీయే నేటికీ మన భూతగాదాల్లో ముఖ్య సాక్ష్యం. ఆ కాగితాలు ఒక లిపి నుంచి మరొక లిపికి, చేతిరాత నుంచి టైపుకు, టైపు నుంచి కంప్యూటరుకు మారాయి. ప్రతి మలుపులోనూ కొంత ఒలికిపోయింది.

ఉర్దూ అంకెల్లో రెండుకు, మూడుకు తేడా తలమీద ఒక చిన్న పల్లు మాత్రమే. సున్నా అంటే ఒక చుక్క. పాత కాగితం మీద సిరా వెలిసి చుక్క చెరిగిపోతే 120వ సర్వే నంబరు 12 అవుతుంది. దావా అర్జీ షెడ్యూలులో 12 అని పడితే డిక్రీలోనూ 12 అనే వస్తుంది. కేసు గెలిచినవాడు డిక్రీ పట్టుకొని కోర్టు అమీనాతో పొలానికి వెళితే, 12వ నంబరులో ఎవరో సంబంధం లేని రైతు దున్నుకుంటూ ఉంటాడు. డిక్రీని అమలు చేసే కోర్టు డిక్రీలో ఉన్నదాని వెనుకకు వెళ్లి చూడదు. గెలిచిన వాని చేతికి భూమి రాదు.

ఇంకొకటి విస్తీర్ణం. మన లెక్కలో ఎకరానికి 40 గుంటలు. పహాణీలో 4.30 అని ఉంటే అది నాలుగెకరాల ముప్పై గుంటలు, అంటే పావు తక్కువ ఐదెకరాలు. దానిని దశాంశంగా చదివినవాడు నాలుగెకరాల పన్నెండు గుంటలుగా లెక్కగడతాడు. ఎక్కడా మోసం లేకుండానే 18 గుంటలు మాయమైపోతాయి. ఇది అచ్చమైన లెక్క దోషం.

సంవత్సరాల సంగతి కూడా అంతే. పాత కాగితాల మీద ఉండేది ఫస్లీ సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1345 ఫస్లీ అంటే 1935-36. అనువాదకుడు దానిని హిజ్రీ అనుకుంటే అది 1926-27 అవుతుంది. తొమ్మిదేళ్లు వెనుకకు జరిగిన ఇనాం పత్రంలో గ్రహీత వయసు, వారసుల పుట్టుక, ఏదీ పొందిక కుదరదు. ఎదుటి పక్షం వకీలు ‘ఇది దొంగ కాగితం’ అంటాడు.

పేర్ల మాట చెప్పనక్కరలేదు. ఉర్దూ లిపిలో హ్రస్వ స్వరాలు సాధారణంగా రాయరు. ఒకే అక్షర సమూహాన్ని ఒక గుమాస్తా మహమ్మద్ అని, మరొకడు మొహమ్మద్ అని, ఇంకొకడు మహ్మద్ అని రాస్తాడు. ఖాజా ఒక చోట ఖ్వాజా, గౌస్ మరొక చోట ఘౌస్. జాన్‌పహాడ్ దర్గా మీద భక్తితో ఈ ప్రాంతంలో హిందువులూ ముస్లింలూ పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకున్నారు. ఆ సైదులు ఆధార్‌లో షేక్ సైదా అయితే ఇద్దరూ ఒకరేనని నిరూపించుకునే భారం అతని మీదే పడుతుంది. స్త్రీల విషయం మరీ కష్టం. పహాణీలో ‘బీ’ అని, నికా సియాహాలో ‘బేగం’ అని, రేషను కార్డులో భర్త పేరుతో కలిపి మరొక విధంగా ఉంటుంది. ఒకే స్త్రీ కాగితాల మీద ముగ్గురవుతుంది.

ఇంటిపేరులా కనిపించే ముందుమాట వల్ల రిజర్వేషను కూడా పోవచ్చును. 2007 నాటి చట్టం ముస్లింలలోని సామాజికంగా వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పించింది. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్‌లను, మొఘల్‌లను, పఠాన్‌లను ఆ చట్టం మినహాయించింది. బడి రిజిస్టరులో షేక్ కుర్రవాని పేరు ముందు ఎవరో తెలియక సయ్యద్ అని రాస్తే, పదిహేనేళ్ల తరువాత సీటు దగ్గర ఆ ఒక్క మాట అడ్డం పడుతుంది.

దిద్దుబాటు ఎంతవరకు?

ఇక్కడ మనం రెండు విధాల నష్టపోతున్నాం. దిద్దుకోదగిన చిన్న తప్పును విధిరాతగా భావించి వదిలేయడం ఒకటి. చిన్న తప్పు కానిదానిని చిన్న తప్పని నమ్మి, అసలు గడువులన్నీ దాటిపోయే దాకా సవరణ అర్జీ మీదే ఆశపెట్టుకోవడం రెండవది. రెండవదే ఎక్కువ ప్రమాదం.

లేఖన దోషానికి ఒక గీటురాయి ఉంది. ఆ రోజు కోర్టు మనసులో ఏమున్నది? మనసులో ఉన్నది కాగితం మీదికి సరిగా రాకపోతే అది లేఖన దోషం. కోర్టు మనసులోనే లేని విషయాన్ని ఈరోజు చేర్చమని అడిగితే అది దోషం దిద్దడం కాదు, కొత్త తీర్పు అడగడం. ద్వారకాదాస్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. దావా నడిచిన కాలానికి కింది కోర్టు వడ్డీ ఇవ్వలేదు. తరువాత 152వ సెక్షన్ కింద దానిని చేర్చడం చెల్లదన్నది. కావలసినవారు అప్పీలుకు వెళ్లవలసింది. 2001లో జయలక్ష్మి కోయెలో కేసులోనూ అదే సూత్రాన్ని నిలబెట్టింది. సవరణ పేరుతో డిక్రీ సారాన్ని మార్చడానికి వీలు లేదు.

మన సముదాయం ఈ పాఠాన్ని అతి ఖరీదుగా నేర్చుకున్న ఉదంతం మణికొండది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1989లో వెలువడిన గెజిట్ ప్రకటనలో 5,506 చదరపు గజాలు మాత్రమే ఉన్నది. 2006 మార్చిలో ఒక సవరణ ప్రకటన ద్వారా 1,654 ఎకరాల 32 గుంటలను వక్ఫ్ ఆస్తిగా చేర్చారు. అప్పటికే ఆ భూముల్లో ప్రభుత్వం సంస్థలకు కేటాయింపులు జరిపి ఉన్నది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2022 ఫిబ్రవరి 7న తీర్పు ప్రభుత్వ పక్షాన వచ్చింది. జాగీర్ల రద్దు వంటి ఇతర కారణాలతో పాటు న్యాయస్థానం ఒక మాట నొక్కి చెప్పింది. సవరణ ప్రకటన అంటే అక్షరాల, అంకెల పొరపాటును దిద్దేది. దానితో మూల ప్రకటన పరిధిని విస్తరింపజేయడం కుదరదు.

ఆ తీర్పు మనకు బాధ కలిగించి ఉండవచ్చును. దాని ఇతర అంశాల మీద విమర్శ చేసే హక్కు మనకున్నది. కాని ఈ ఒక్క సూత్రాన్ని మాత్రం నిష్పక్షపాతంగా చూడాలి. రేపు ఎవరైనా ఒక చిన్న సవరణ పేరుతో మన ఖబరస్తాన్ విస్తీర్ణాన్ని నాలుగెకరాల నుంచి నాలుగు గుంటలకు తగ్గిస్తే, అప్పుడు మనల్ని కాపాడేది ఇదే సూత్రం. సవరణ అనే తలుపు చిన్నదిగా ఉండటమే బలహీనులకు రక్షణ. అది పెద్దదైతే ముందుగా లోపలికి వచ్చేది బలవంతులే.

మణికొండ నేర్పే అసలు పాఠం వేరు. సర్వే జరిగిననాడు, గెజిట్ వెలువడిననాడు చదివి, విడిచిపోయినదానిని విచారణ ద్వారా, చట్టం చెప్పిన పద్ధతిలో చేర్పించాలి. ప్రకటన వచ్చాక పదిహేడేళ్లకు సవరణతో సరిపెట్టుకోవడానికి అది 120 పక్కన చెరిగిన చుక్క కాదు.

అంకె తప్పితే జైలు

భూమి పోతే కష్టమే. స్వేచ్ఛ పోతే ఆ రోజులు తిరిగి రావు. క్రిమినల్ తీర్పులకు కూడా ఇదే నియమం. పూర్వం సీఆర్‌పీసీ 362వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 403వ సెక్షన్ లేఖన, లెక్క దోషాలను తప్ప తీర్పును మార్చరాదని చెబుతున్నాయి.

ఘాజియాబాద్ జైలులోని ఒక విచారణ ఖైదీకి, మతమార్పిడి నిరోధక చట్టం కింద నమోదైన కేసులో, 2025 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ఆయన బయటికి వచ్చింది జూన్ 24న. ఉత్తర్వులో 5వ సెక్షన్ అని ఉందిగాని దానిలోని ఉపవిభాగం సంఖ్య లేదని అధికారులు అడ్డుచెప్పారు. మనిషి ఎవరో, కేసు ఏదో, ఉత్తర్వు దేనికో అందరికీ తెలుసు. మరుసటి రోజే సుప్రీంకోర్టు 5 లక్షల రూపాయల తాత్కాలిక పరిహారం చెల్లించమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

దీని పక్కన మరొకటి పెట్టి చూడండి. లఖీంపూర్ ఖేరీ కేసులో అప్పటి కేంద్ర సహాయమంత్రి కుమారునికి 2022 ఫిబ్రవరి 10న అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన బెయిలు ఉత్తర్వులో 302, 120-బి సెక్షన్లు విడిచిపోయాయి. సవరణకు అర్జీ పెట్టుకున్నారు. 14వ తేదీకి దిద్దుబాటు వచ్చింది. ఆ తరువాత ఆ బెయిలును సుప్రీంకోర్టు రద్దు చేసిందన్నది వేరే విషయం. రెండు కేసుల ఆరోపణలను నేను పోల్చడం లేదు. దిద్దుబాటు ఎంత త్వరగా దొరికిందో పోలుస్తున్నాను. వకీలు వెంట ఉన్నవానికి నాలుగు రోజులు. లేనివానికి ఎన్ని రోజులన్నది ఎదుటి గుమాస్తా దయ.

అస్సాంలో నల్బారి జిల్లాకు చెందిన ఒకాయనను 2012లో విదేశీయునిగా ప్రకటించారు. పాత జాబితాల్లో పేర్ల వర్ణక్రమంలో, తేదీల్లో కొద్దిపాటి తేడాలు ఆయనకు వ్యతిరేకంగా నిలిచాయి. 2024 జూలై 11న సుప్రీంకోర్టు ఆయన భారతీయుడేనని తీర్పు చెప్పింది. ఒక పేరు అక్షరాల్లో స్వల్ప భేదం ఉన్నంత మాత్రాన పౌరసత్వం పోదన్నది. అప్పటికే ఆయన కన్నుమూసి ఉన్నారు. తీర్పు వెనుకటికి వర్తించింది. మనిషి మాత్రం దాని కోసం నిలవలేదు.

కోర్టు బయటి కాగితాలు

అన్ని తప్పులకూ కోర్టు అక్కరలేదు. జనన మరణ నమోదులో తప్పుంటే 1969 చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారే దిద్దవచ్చును. ఆ పద్ధతి గమనింపదగినది. పాత రాతను చెరపరు. పక్కన అంచులో సరైనది రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. తప్పు కనిపిస్తూనే ఉంటుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది. నిజాయితీగల దిద్దుబాటు ఎలా ఉండాలో చెప్పే నియమం అది. దస్తావేజులో ఇరుపక్షాల పొరపాటుంటే ఇద్దరూ కలిసి సవరణ దస్తావేజు రాసుకోవచ్చును. ఎదుటివాడు రాకపోతే నిర్దిష్ట ఉపశమన చట్టం 26వ సెక్షన్ కింద దావా వేయవచ్చును.

భూమి రికార్డుల సంగతి మీకు నాకంటె బాగా తెలుసు. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైంది. ఆనాటి చట్టం మీద వచ్చిన పెద్ద విమర్శ, తప్పు దొర్లితే దిద్దుకోవడానికి, అప్పీలు చేసుకోవడానికి సరైన దారి లేదన్నదే. సర్వే నంబరులో కొంత భాగం వివాదంలో ఉంటే నంబరంతా నిషేధిత జాబితాలో పడిన చోట్ల రైతులు కార్యాలయాల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం సవరణకు, అప్పీలుకు దారి కల్పించింది. దారి ఉండటం వేరు, నడవడం వేరు. ఈ సభ నుంచి వెళ్లి ముందుగా మీ పాసుపుస్తకాన్ని 1954-55 ఖాస్రాతో సరిచూసుకోండి.

వక్ఫ్ ఆస్తుల విషయంలో ఇది మరీ అత్యవసరం. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసేవారు, సరిచూసేవారు, ఆమోదించేవారు అని మూడు అంచెలున్నాయి. మొదటి అంచెలో ముతవల్లీ తప్పు నంబరు ఎక్కిస్తే పై రెండు అంచెలు దానినే ఆమోదించవచ్చును. రేపు కోర్టులో ఎదుటి పక్షం చూపించే మొదటి కాగితం అదే అవుతుంది. ‘మీరే రాశారుగదా’ అంటారు. ఈద్గాహ్ కావచ్చు, ఆషూర్‌ఖానా కావచ్చు, ఊరి చివర ఖబరస్తాన్ కావచ్చు. గెజిట్, సేత్వార్, ఖాస్రా, నేటి హద్దులు, ఈ నాలుగూ ముందు పెట్టుకొని నమోదు చేయండి. తేడా ఉంటే దాచకండి, తేడా ఉన్నదని రాతపూర్వకంగా బోర్డుకు తెలియజేసి రసీదు తీసుకోండి.

చేయవలసినది

మొదటిది, తీర్పు నకలు చేతికి వచ్చిన రోజే చదివించుకోండి. తీర్పును, డిక్రీని, దావా షెడ్యూలును పక్కపక్కన పెట్టి పేర్లు, తండ్రి పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు, తేదీలు, ఈ ఆరింటినీ సరిచూడండి. అప్పీలు గడువు ఉండగానే ఈ పని జరగాలి. కనిపించినది చిన్న తప్పు కాదని తేలితే అప్పుడు ఇంకా సమయం ఉంటుంది.

రెండవది, తప్పు ఏ కాగితంలో పుట్టిందో కనుక్కోండి. తీర్పు సరిగా ఉండి డిక్రీలో తప్పుంటే పని సులభం. దావా అర్జీ షెడ్యూలులోనే తప్పు పుట్టి ఉంటే అర్జీనీ, డిక్రీనీ రెండింటినీ సవరించమని 151, 152, 153 సెక్షన్ల కింద కోరవలసి ఉంటుంది. ఆస్తి ఏదన్న విషయంలో ఇరుపక్షాలకూ ఎన్నడూ సందేహం లేదని, హద్దులు అవేనని చూపగలిగితే అర్జీకి బలం వస్తుంది. మధ్యలో మూడవ వ్యక్తి నమ్మకంతో కొనుక్కొని ఉంటే కోర్టు వెనుకాడుతుంది. గడువు లేదు కదా అని ఆలస్యం చేయకూడదనడానికి కారణం ఇదే.

మూడవది, సరైన కోర్టుకు వెళ్లండి. సాధారణంగా తప్పు చేసిన కోర్టే దిద్దాలి. అప్పీలులో విచారణ జరిగి తీర్పు వచ్చి ఉంటే కింది డిక్రీ పై డిక్రీలో కలిసిపోతుంది, అప్పుడు పై కోర్టునే అడగాలి. అప్పీలును విచారణకు స్వీకరించకుండా తొలి దశలోనే కొట్టివేసి ఉంటే 153-ఎ సెక్షన్ ప్రకారం కింది కోర్టే దిద్దవచ్చును.

నాల్గవది, ఖర్చుకు భయపడి ఆగకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కున్నది. జైలులో ఉన్నవారికీ ఉన్నది. అల్పసంఖ్యాకులన్న కారణంతో ఆ హక్కు రాదు, పేదరికం మీద వస్తుంది. రెండు జిల్లాల కోర్టుల్లోనూ న్యాయసేవాధికార సంస్థలున్నాయి. మసీదు కమిటీలు శుక్రవారం నాడు ఈ ఒక్క మాట చెప్పినా ఎందరో అమ్మల కాగితాలు సరిపడతాయి.

చివరగా ప్రభుత్వాన్ని, న్యాయవ్యవస్థను మనం అడగవలసినవి రెండున్నాయి. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. అయినా పాత ఉర్దూ దస్త్రం చదవగలిగినవారు జిల్లా కార్యాలయాల్లో తగ్గిపోతున్నారు. చదివేవారు లేని భాష అధికార భాష ఎలా అవుతుంది? ప్రతి జిల్లాలో పాత ఉర్దూ, ఫారసీ దస్త్రాలు చదవగల అనువాదకులు ఉండాలి. రెండవది, లేఖన దోషాల అర్జీల పరిష్కారానికి రోజుల్లో లెక్కించదగిన గడువు ఉండాలి, బెయిలు విషయంలో గంటల్లో లెక్కించదగిన గడువు ఉండాలి. తప్పు కార్యాలయానిది, తిరుగుడు పౌరునిది అన్న పద్ధతి ఆగాలి.

చట్టం వెనుకకు వెళ్లి ఒక అంకెను దిద్దగలదు, తేదీని దిద్దగలదు. ఆ తప్పు వల్ల ఒక కుటుంబం కోల్పోయిన పంటలను, పిల్లవాడు కోల్పోయిన చదువును అది తిరిగి ఇవ్వలేదు. అందుకే దిద్దుబాటు ఎంత త్వరగా జరిగితే అంత న్యాయం. ఇక్కడ మన యువ న్యాయవాదులు బల్లలు వేసుకొని కూర్చుంటున్నారు. కాగితాలు తెచ్చినవారు వారికి చూపించండి. తేని వారు వచ్చే నెల తెచ్చుకోండి.